జీపులో ముందు సీటు

మొన్నొక ఉదయం మా కోడలికి కాఫీ ఇద్దామని మేడమీది గదికి వెళ్ళి, ఆమె ముందున్న కంప్యూటరు తెర చూసి గ్లాసు చేతిలో పట్టుకునే నిలబడిపోయాను. ఎడమ పక్కన వరసగా పనుల పేర్లు, పైన వారాలు, మధ్యలో ఒకదాని కింద ఒకటి మెట్లు దిగుతున్నట్టు ఎర్రవి, పచ్చవి, నీలివి అడ్డపట్టీలు. మా కోడలు ప్రాజెక్టు మేనేజరు. ఇంట్లో కూర్చునే బెంగళూరులోనూ ఇంకా ఎక్కడెక్కడో ఉన్న మనుషుల చేత పని చేయిస్తుంది. అదేదో ఈ కాలం పిల్లలకే తెలిసిన విద్య అనుకుంటూ ఇన్నాళ్ళూ నేను ఆ తెర వంక సరిగ్గా చూడనే లేదు. తీరా చూస్తే అది బారు చార్టు, నేను పాతికేళ్ళ వయసులో ట్రేసింగు పేపరు మీద ఇంకుతో గీసిన బారు చార్టే.

నేను చూస్తూ ఉండగానే మా కోడలు ఒక పట్టీని వేలితో పట్టుకుని కాస్త కుడివైపుకు లాగింది. దాని కింద ఉన్నవన్నీ ఎవరూ చెప్పకుండానే వాటంతట అవే జరిగి సర్దుకున్నాయి. నా రోజుల్లో అలా ఒక్క పట్టీ జరిగితే, కింది పట్టీలన్నిటినీ రేజరు బ్లేడుతో కాగితం చిరగకుండా గీకి, గీకిన చోటును గోటితో రుద్ది నునుపు చేసి, మళ్ళీ పెన్నులో ఇంకు పోసి గీయడానికి నాకు ఒక పూట పట్టేది. నా కడుపు మండింది. ముందు ఆ యంత్రం మీద, తర్వాత కాఫీ కోసం చెయ్యి చాచిన మా కోడలి మీద, ఆ తర్వాత ఎప్పటిలాగే, నా జీవితమంతా ఎవరిని చూసి కుళ్ళుకున్నానో ఆ మనిషి మీద, అంటే మా చిన్న తోడికోడలి మీద. పశ్చాత్తాపపడుతూ రాస్తున్నానని అనుకోకండి. నా ఈడు వాళ్ళకు ఇలాంటి మనిషి ఒకరు ఇంట్లోనో ఆఫీసులోనో ఉండే ఉంటారు. నాకు రెండుచోట్లా ఒకరే దొరికారు, అదీ నా బాధ.

మాది తిరుపతే. మా నాయన ఆడపిల్లకు కూడా చేతిలో ఒక పని ఉండాలన్న పట్టుదలతో నన్ను ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సులో చేర్చాడు. క్లాసులో ఆడపిల్లను నేనొక్కదాన్నే కాబట్టి మా వీధి మొత్తం కొన్నాళ్ళు నన్ను వింతగా చూసింది. చదువు కాగానే ఊళ్ళో ఒక బిల్డింగు కంట్రాక్టరు దగ్గర ఉద్యోగం దొరికింది. నా చేతిరాత బాగుంటుందని పేరు. అక్షరాలకు స్టెన్సిలు వాడకుండా రాసినా అచ్చు వేసినట్టు వచ్చేవి. ఇంజనీర్లు నా డ్రాయింగును ప్రింటు తీయించి, అమోనియా వాసన ఇంకా పోకముందే మడిచి సంకలో పెట్టుకుని సైటుకు పరిగెత్తేవాళ్ళు. పెళ్ళయి కొర్లగుంటలో ఉమ్మడి ఇంటికి కాపురానికి వచ్చినా ఉద్యోగం మానలేదు. మా అత్త మొదట్లో మూతి విరిచినా, తర్వాత తర్వాత పెద్దకోడలు ఆఫీసుకు పోయే వేళ అయిందని ఆమే తొందరపెట్టి క్యారియరు కట్టేది. ఆ ఇంట్లో పొద్దున మొదటి కాఫీ నాది. ఈ మాట గుర్తు పెట్టుకోండి.

ఆ రోజుల్లో మా యజమాని ఏదో పని మీద మద్రాసు వెళ్ళి అక్కడ ఒక పెద్ద కంపెనీ కట్టే ఫ్యాక్టరీని చూసి వచ్చాడు. సిమెంటు, ఇనుము అవేవీ ఆయన్ను ఆకట్టుకోలేదట. అక్కడ ఒక గది ఉందనీ, గోడ నిండా ఒక చార్టు ఉందనీ, దాని ముందు ఒక మనిషి కూర్చుని ఏ పని ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగియాలో, ఏది ఆగితే ఏవేవి ఆగిపోతాయో చెబుతూ ఉంటే ఇంజనీర్లంతా వచ్చి ఆయనకే జవాబు చెబుతున్నారనీ, దాన్ని ప్లానింగు అంటారనీ వచ్చిన దగ్గర్నుంచీ ఒకటే చెప్పడం. తిరుచానూరు రోడ్డులో యాత్రికుల కోసం పెద్ద సత్రం కట్టే పని అప్పుడే మాకు వచ్చింది. మరుసటి ఏటి బ్రహ్మోత్సవాలకు ముందు తలుపులు తెరవాలని కట్టించేవాళ్ళ షరతు. ఆ సైటులో అలాంటి గది ఒకటి పెడతాననీ, దానికి తగిన మనిషిని మనలోనే చూసి కూర్చోబెడతాననీ యజమాని అన్నాడు.

ఆ మాట విన్ననాటి నుంచీ నాకు వేరే ధ్యాస లేదు. నేను గీసేదాన్నే గానీ గీయించేదాన్ని కాదు. పది మంది కూర్చున్న గదిలోకి కాగితం చుట్ట ఇచ్చి బయటికి రావడమే నా పని. ఆ గదిలో కుర్చీలో కూర్చోవాలని, మేస్త్రీలూ ఇంజనీర్లూ వచ్చి నాకు జవాబు చెప్పాలని, ప్లానింగు మనిషి కోసం పొద్దున్నే ఇంటికి పంపుతారని చెప్పుకుంటున్న జీపులో ముందు సీట్లో కూర్చుని గాంధీ రోడ్డు మీదుగా పోవాలని నాకు పిచ్చి కోరిక పట్టింది. ఊరికే కోరుకుని కూర్చోలేదు. మద్రాసు నుంచి పోస్టులో పాఠాలు పంపే ఒక కోర్సులో చేరి, వంట ముగిశాక పొయ్యి గట్టు మీదే పుస్తకం పెట్టుకుని చదివి సర్టిఫికెట్టు తెచ్చుకున్నాను. ఏ పని ఒక్కరోజు ఆగినా సత్రం మొత్తం ఒక్కరోజు ఆగిపోతుందో ఆ పనుల వరసను ఎలా పట్టుకోవాలో నేర్చుకుని, దాన్ని ఎర్ర ఇంకుతో గీసి సత్రానికి చార్టు తయారుచేశాను. గంగజాతర వారం పనివాళ్ళు రారని ఖాళీ వదిలాను, మూఢంలో ద్వారబంధాలు ఎత్తరని వాటిని ముందుకు జరిపాను. తిరుపతిలో పుట్టినదాన్ని, నాకు ఎవరు చెప్పాలి ఇవన్నీ. చార్టును సైటు గదిలో గోడకు బిగించినప్పుడు యజమాని చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాడు. ఇక ఆ కుర్చీ నాదేనని ఇంట్లో మా ఆయనతో కూడా అనేశాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా మరిదికి పెళ్ళయింది. పిల్లది వడమాలపేట. టైపూ షార్టుహాండూ పాసయింది. మా ఆఫీసులో టైపిస్టు కావాలంటే, ఇంట్లో పిల్లే కదా, ఇద్దరం కలిసి పోయిరావచ్చునని నేనే యజమానికి చెప్పి చేర్పించాను. ఆయనకు చెప్పింది ఒక్కసారే గానీ, ఎందుకు చెప్పానా అని నన్ను నేను తిట్టుకున్నది మాత్రం ఇవాళ్టిదాకా.

ఆమెలో నాకు మొదటి నుంచీ నచ్చనిది ఆ మాటల పిచ్చి. బస్సెక్కితే కండక్టరును ఆయన కూతురి సీమంతం గురించి అడిగేది. సైటులో ఇసుక మోసే ఆడవాళ్ళ పక్కన కూర్చుని చెనిక్కాయలు వలుచుకు తింటూ ఎవరి ఊళ్ళో వాన పడిందో, ఎవరి ఆవు ఈనిందో కనుక్కునేది. ఆఫీసులో పనిచేసేవాళ్ళు ఇలాంటివి మాట్లాడితే లెక్క ఉండదని నా నమ్మకం. నేను సైటుకు పోతే చీర కుచ్చెళ్ళు పట్టుకుని, అవసరమైన కొలత అడిగి, రాసుకుని వచ్చేసేదాన్ని. మేస్త్రీలు నన్ను చూస్తే బీడీ పారేసి లేచి నిలబడేవాళ్ళు. ఆమెను చూస్తే కాస్త జరిగి చోటిచ్చేవాళ్ళు. ఆ తేడా నాకు గొప్పగా ఉండేది. అందులో నేను ఓడిపోయే కారణం ఉందని అప్పుడు తోచలేదు.

ప్రతి సోమవారం యజమాని సైటు గదిలో మీటింగు పెట్టేవాడు. చార్టు నాది కాబట్టి ఆ మీటింగులకు నన్ను పిలిచారు, మాటలు షార్టుహాండులో తీసుకోవడానికి ఆమెను పిలిచారు. ఎండలు తగ్గి, తమిళుల ఆడి నెల రాబోతున్న రోజులు. మొదటి అంతస్తు శ్లాబు నా ఎర్రగీత మీద ఉంది. అది పడకపోతే దాని పైది ఏదీ కదలదు. శ్లాబుకు పలకలు బిగించే సెంట్రింగు మేస్త్రిది నగరి, ఆయన మనుషులంతా అటువైపు వాళ్ళే. చార్టు ముందు నిలబడి, శ్లాబు వచ్చే నెల మధ్యకల్లా అయిపోతుందా అని నేను అడిగాను. ఆయన వినయంగా తల ఊపాడు.

“అయిపోతాదమ్మా, రాసుకోండి.”

మా వైపు మేస్త్రీల సంగతి తెలిసినవాళ్ళకు ఈ మాట తెలుసు. చదువుకున్న మనిషి, అందులోనూ ఆడమనిషి, యజమాని ముందర నిలబెట్టి అడిగితే కాదని చెప్పడం వాళ్ళకు మర్యాద కాదు. అడిగినవాళ్ళ ముఖం చిన్నబోకూడదు, అంతే, శ్లాబు సంగతి శ్లాబు చూసుకుంటుంది. నేను రాసుకున్నాను. యజమాని తృప్తిగా పక్క పనికి పోబోయాడు. అప్పుడు మా చిన్న తోడికోడలు పుస్తకంలో నుంచి తల కూడా ఎత్తకుండా ఊరికే అడిగినట్టు అడిగింది.

“అన్నా, ఈ తూరి మీ వీధిలో కావడి ఎవురెవురు ఎత్తతా ఉండారు?”

మేస్త్రి ముఖం వెలిగిపోయింది. తిరుత్తణి సుబ్రహ్మణ్యస్వామికి కావళ్ళు మోసుకుపోయే ఆడికృత్తిక అంటే వాళ్ళకు ఉన్న భక్తి అంతా ఆ ముఖంలో కనబడింది.

“మా వీధి మొత్తం ఎత్తతా ఉండామమ్మా. నాకు మగబిడ్డ పుట్టినాడు గదా, ఈ తూరి నేను మాలేసుకోని నడిచి పోవల్ల.”

వ్రతం ఎప్పుడు మొదలవుతుందో, ఎవరెవరు వస్తున్నారో, కావడికి నెమలి ఈకలు ఎక్కడి నుంచి తెప్పిస్తున్నాడో అన్నీ సంతోషంగా చెప్పుకుపోయాడు. ఆయన చెప్పిన రోజులూ నా చార్టులో శ్లాబు రోజులూ ఒకటేనని గదిలో ఒక్కొక్కరికే అర్థమవుతూ వచ్చింది. అప్పటిదాకా అయిపోతాదన్న మనిషి అబద్ధం చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నదీ అబద్ధం కాదు. ఆయనకు ఆ రెండింటికీ సంబంధమే లేదు. తిరుపతి వాళ్ళకు గంగజాతర ఎలాగో నగరి, పుత్తూరు వైపు వాళ్ళకు కావడి అలాగని నాకూ తెలుసు. తెలిసీ చార్టులోకి రాలేదు. వడమాలపేట పిల్లకు మాత్రం ఆడి నెల అనగానే కావడి గుర్తొచ్చింది.

అంతటితో ఊరుకున్నా నేను క్షమించి ఉండేదాన్నేమో. ఆమె తల ఎత్తి, ముందువైపు సగం శ్లాబు వాళ్ళు మాల వేసుకునే లోపలే పోసేస్తే, వాళ్ళు వచ్చేదాకా కింద ఇటుకపని నడిపించవచ్చు కదా అంది. పూతలపట్టు నుంచి వచ్చిన ఇటుకపని వాళ్ళు ఈ ఏడు ఎవరూ ఊరికి పోవడం లేదని కూడా చెప్పింది. అది కూడా చెనిక్కాయలు వలుచుకుంటూ కనుక్కున్నదే అయి ఉంటుంది. యజమాని నా చార్టును ఒకసారి, ఆమెను ఒకసారి చూశాడు. నేను కొన్ని నెలలుగా కలగంటున్న కుర్చీని కాలితో కాస్త ఆమె వైపు జరిపాడు.

“సూడమ్మా, రేపట్నించీ నువ్వు ఈడ కూసో.”

కోర్సు చదివింది నేను, సర్టిఫికెట్టు నాది, గోడ మీద ఉన్న ప్రతి గీతా నా చేతిది. ఆమె చేసింది ఒక్క ప్రశ్న వేయడం, అదీ కావడి గురించి. ఆ సాయంత్రం వంటింట్లో ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని పులుసుకు నానబెట్టిన అనపగింజలు పితుకుతూ ఉంటే, ముందే తెలిసినప్పుడు నా చెవిన ఎందుకు వేయలేదని నిలదీశాను. ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది. తనకూ అప్పుడే తెలిసిందనీ, అడిగితే కదా ఎవరైనా చెప్పేదనీ అంది. ఆ జవాబులో ఎక్కడా గర్వం లేకపోవడం నన్ను మరీ మండించింది. గర్వం ఉంటే తిట్టడానికి నాకొక వీలు దొరికేది.

మర్నాటి నుంచి జీపు ఇంటికి రావడం మొదలైంది. సందులోకి తిరిగి మా ఇంటి ముందు ఆగి హారను కొడితే మా అత్త వాకిట్లోకి వచ్చి నిలబడేది. చిన్నకోడలు ముందు సీట్లో కూర్చునేది. సైటు గదిలో నాకూ పని ఉంది కాబట్టి నన్నూ ఎక్కించుకునేవాళ్ళు, వెనక, సిమెంటు పట్టాలూ కొలత గొలుసులూ పెట్టిన చోట. ఆమె ప్రతిరోజూ నన్ను ముందు కూర్చోమని బతిమాలేది, నేను ప్రతిరోజూ వద్దనేదాన్ని. ఒకరు జాలిపడి ఇచ్చే సీటు నాకు అక్కర్లేదు. కొన్నాళ్ళు పంతం పట్టి బస్సులో పోయాను. బస్టాపులో ఎండలో నిలబడి ఉంటే జీపు వచ్చి నా ముందే ఆగేది, ఆమె దిగి తలుపు పట్టుకుని నిలబడేది, బస్సు కోసం చూసేవాళ్ళంతా మమ్మల్ని చూసేవాళ్ళు. ఎక్కినా అవమానమే, ఎక్కకపోయినా అవమానమే. చివరికి మళ్ళీ వెనక సీటే నయమనిపించింది.

ఇంట్లో మొదటి కాఫీ కూడా ఆమెకే పోయింది. జీపు ఆగదు కదా అని మా అత్త కారణం చెప్పింది గానీ, వెనక సీటుకు మాత్రం జీపు ఆగుతుందా అని నేను అడగలేదు.

సత్రం బ్రహ్మోత్సవాలకు ముందే తెరిచారు. అంతకు చాలా ముందే మేస్త్రి ఆ కావడి ముగించుకుని తిరుత్తణి నుంచి ఆమెకూ నాకూ ప్రసాదం తెచ్చి, విభూతి మాత్రం ముందు ఆమెకే ఇచ్చాడు. ఆ తర్వాత ఆమె పేరు పెరుగుతూ పోయింది. చిత్తూరులో చక్కెర ఫ్యాక్టరీ గోడౌన్లు, ఆ తర్వాత వంతెనలు, ఆ తర్వాత మద్రాసు, హైదరాబాదు. ఎక్కడికి పోయినా కొన్నేళ్ళదాకా చార్టులు గీయడానికి కాగితాలు నా దగ్గరికే పంపేది, నా చేతిరాత ఇంకెవరికీ రాదని. ఆమె చెప్పడం, నేను గీయడం. కాగితం కింద మూలలో గీసినవారు అన్న చోట నా పొడి అక్షరాలు చిన్నగా ఉండేవి, పైన తయారుచేసినవారు అన్న చోట ఆమె పూర్తి పేరు, అదీ నా చేత్తో రాసినదే. ఆ పేరు నేను ఎంత అందంగా రాశానో ఆ కాగితాలు ఇప్పుడు ఎక్కడైనా మిగిలి ఉంటే చూడండి. కుళ్ళు వేరు, చేతిపని వేరు.

ఇన్నేళ్ళ తర్వాత మా కోడలి తెర ముందు నిలబడితే నాకు అర్థమైంది ఇదే. నేను నేర్చుకున్న విద్యలో ఏదీ మిగల్లేదు. గీకడానికి బ్లేడు లేదు, ఇంకు లేదు, అక్షరాలు తీర్చే చేతితో పని లేదు, ఎర్రగీత ఎక్కడ పడాలో కూడా యంత్రమే చెబుతుంది. కానీ ఆ ఉదయం మా కోడలు చెవికి పెట్టుకున్న దానిలో ఎవరితోనో మాట్లాడుతూ, పని మాట ఎత్తకముందు, మీ అమ్మగారి కంటి ఆపరేషన్ అయిందా, మీరు ఊరికి ఎప్పుడు పోతున్నారని అడిగింది. అవతలి మనిషి చాలాసేపు చెప్పాడు. అది విన్నాకే ఆమె ఆ పట్టీని కుడివైపుకు లాగింది. ఇలా అడగడం ఎవరు నేర్పారని నేను అడిగితే, ఉద్యోగంలో చేరిన కొత్తలో చిన్నత్తమ్మ చెప్పిందని నవ్వుతూ అంది. ఇల్లు నాది, కోడలు నాది, విద్య మాత్రం ఆమె దగ్గర నేర్చుకుంది. కాలం నా చెయ్యిని తీసేసి ఆమె నోటిని ఉంచుకుంది.

ఆమె రిటైరై ఇప్పుడు చిత్తూరులో ఉంటోంది. ఇవాళ సాయంత్రం ఫోను చేసింది, రోజూ చేస్తుంది. మోకాళ్ళు ఎట్లుండాయక్కా అని అడిగింది. బాగున్నాయన్నాను. ఈ మధ్య ఎవరు అడిగినా అదే చెబుతున్నాను, మా ఆయనకూ, కొడుక్కూ, డాక్టరుకూ కూడా. అడిగినవాళ్ళ ముఖం చిన్నబోవడం ఎందుకని. ఆమె సరేనంది. కాసేపు ఏవేవో కబుర్లు చెప్పి, మాటల మధ్యలో, ఈ నెల నా జన్మనక్షత్రం నాడు కొండకు అలిపిరి మెట్లు ఎక్కి పోయానా, బస్సులో పోయానా అని ఊరికే అడిగినట్టు అడిగింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ నెలనెలా నడిచే ఎక్కుతానని ఆమెకు తెలుసు.

“యాడ పోయినాను. గాలిగోపురం దాకా గూడా ఎక్కలేకపోతా ఉండాను. ఇంట్లోనే దీపం పెట్టుకుంటా ఉండాను,” అనేశాను.

అనేశాక గానీ ఏం బయటపెట్టేశానో నాకు తెలియలేదు. నగరి మేస్త్రి కూడా ఆ రోజు ఇలాగే, తనకు తెలియకుండానే, మొత్తం చెప్పేశాడు. కన్నకొడుక్కు చెప్పని మాట నా నోటి నుంచి ఒక్క ప్రశ్నతో లాగేసింది. నాకు కోపం వచ్చింది, కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. ఆమె అయ్యో అనలేదు, ఎందుకు చెప్పలేదని అడగలేదు. పనులు సర్దేటప్పటి ఆ పాత గొంతుతో తేల్చేసింది.

“రేపు పొద్దున్నే కారు తీసుకోని వస్తా, మోకాళ్ళ డాక్టరు దగ్గిరికి పోదాం. నువ్వు ముందు సీట్లో కూసో అక్కా, కాళ్ళు చాపుకోను వీలుగా ఉంటాది.”

సరేనన్నాను, ఇప్పుడు పంతం పట్టే ఓపిక లేదు. ఫోను పెట్టేసి వాకిట్లోకి వచ్చి కూర్చున్నాను. ఆ సందులోకి ఒకప్పుడు జీపు ఎక్కడ తిరిగేదో అక్కడ ఇప్పుడు అపార్టుమెంట్లు లేచాయి. వాకిట్లోకి వచ్చి నిలబడే మా అత్త లేదు, గాంధీ రోడ్డు మీద నన్ను గుర్తుపట్టేవాళ్ళు ఒక్కరూ లేరు. రేపు పొద్దున నేను ముందు సీట్లో కూర్చుని పోతాను. నేను ఆ సీటు కోరుకున్నది మోకాళ్ళ కోసం కాదు.